మణికట్టు మారలేదు, వాచీ ఎందుకు పెద్దదైపోయింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడేళ్ల కిందట ఎంతో ఇష్టపడి అడ్డుకొలత 44 మిల్లీమీటర్లున్న వాచీ కొన్నారు. ఇప్పుడు అదే వాచీ చేతికి పెట్టుకుంటే మూకుడు బోర్లించినట్టు అనిపిస్తోంది. 36 మిల్లీమీటర్ల వాచీలు చూస్తే మనసు అటే లాగుతోంది. వైశాఖంలో మీ పెళ్లి. అత్తగారి వాళ్లు పెళ్లికొడుక్కి వాచీ పెడతాం, ఏది కావాలో చెప్పమన్నారు. ఇప్పుడు 36 అని చెబితే మూడేళ్ల తర్వాత మళ్లీ పెద్దవాటి మీదికి మనసు పోతుందేమోనని మీ భయం. ఉన్న పెద్ద వాచీలను అమ్మేయాలా అన్నది రెండో ప్రశ్న. మీ మణికట్టు చుట్టుకొలత ఆరున్నర అంగుళాలని కూడా రాశారు. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లలో ఆ కొలత చెప్పేవాళ్లు చాలా తక్కువ. దానివల్ల నా పని తేలికైంది.

మీ మనసు మళ్లీ మారుతుంది. కానీ ఈసారి మారినట్టు ఎనిమిది మిల్లీమీటర్లు మారదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపలే తిరుగుతుంది. అంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. సమాధానం కొంచెం పొడుగవుతుంది.

నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో రాతి దిమ్మెలు కొలిచే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. కొలత నా వృత్తి. అయినా వాచీ కొలత అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అందుకు కారణం మా నాన్నగారి వాచీ.

నాన్నగారు కందుకూరులో బడిపంతులుగా చేసేవారు. 1966లో ఆయన పెళ్లికి మా అమ్మ వాళ్ల నాన్న హెచ్.ఎం.టి. జనతా వాచీ పెట్టారు. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల కర్మాగారం పెట్టింది 1961లో. కాబట్టి ఆ రోజుల్లో అల్లుడికి ఆ వాచీ పెట్టడం మామకు గొప్ప. నాన్నగారు రోజూ ఉదయం కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, వాచీకి కీ ఇచ్చేవారు. ఆ కిరకిర శబ్దం వినడానికి నేను ఆయన మోకాలి దగ్గర కూర్చునేవాణ్ణి. ఆదివారం ఎప్పుడైనా నా చేతికి పెట్టేవారు. బెల్టు చివరి చిల్లుకు పెట్టినా వాచీ మోచేతి దాకా జారేది. డయల్ నా చెయ్యికి రెండు వైపులా బయటికి వచ్చేది. పెద్దవాళ్ల వాచీ అంటే ఇంత ఉండాలి అన్న లెక్క నా కంటికి అప్పుడే పట్టేసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అందరిలాగే బ్యాటరీతో నడిచే సన్నటి క్వార్ట్జ్ వాచీ కొన్నాను. 1987లో టైటాన్ వచ్చాక సన్నటి, తేలికైన వాచీ అంటేనే నాగరికత అనుకున్న కాలం అది. దాని మీద ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. టైము చూపించేది, అంతే. 2006లో నా ముప్పై ఎనిమిదో ఏట చెన్నైలో ఒక షోరూములో చేతి కదలికకే కీ ఎక్కే 44 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ వాచీ చేతికి పెట్టుకున్న క్షణం ఒళ్లు జల్లుమంది. ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది దొరికినట్టు అనిపించింది. వెంటనే కొన్నాను. ఆ తర్వాత అయిదేళ్లలో 42 కంటే చిన్న వాచీ వైపు కన్నెత్తి చూడలేదు. ఒకటి 47 కూడా కొన్నాను.

ఆ ఇష్టం మీద మొదటి దెబ్బ అందం విషయంలో పడలేదు, పనిలో పడింది. క్వారీలో దిమ్మె అంచుకు టేపు పట్టి వంగినప్పుడు మణికట్టు వెనక్కి మడతపడుతుంది. అప్పుడు కీ ఇచ్చే బొడిపె చేతి వెనుక గుచ్చుకుంటుంది. సాయంత్రానికి అక్కడ ఎర్రటి గుంట పడేది. పెద్ద వాచీల్లో ఆ బొడిపె కూడా పెద్దది, పైగా మణికట్టు అంచుకు దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. ఎండాకాలంలో చెమటకు ఆ గుంట పుండులా మారేది. అయినా వాచీని కుడి చేతికి మార్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఇష్టం అంత తేలిగ్గా పోదు.

నాన్నగారు 2011లో పోయారు. నెల తర్వాత బీరువా సర్దుతుంటే జనతా వాచీ కనిపించింది. మఖమలు గుడ్డలో చుట్టి, లాకరులో అమ్మ గాజుల పక్కన పెట్టారు. చేతిలోకి తీసుకుంటే నమ్మలేకపోయాను, అది చాలా చిన్నదిగా ఉంది. పని సంచీలోంచి వెర్నియర్ కాలిపర్ తీసి కొలిచాను. బొడిపె కాకుండా 35 మిల్లీమీటర్లు. ఒకటికి రెండుసార్లు కొలిచాను. నా జ్ఞాపకంలో అది పెద్ద పళ్లెమంత ఉండేది. పెద్దదిగా కనిపించడానికి కారణం వాచీ కాదు, నా ఆరేళ్ల చెయ్యి. ఆ చెయ్యికి 35 మిల్లీమీటర్లు ఎంతగా కనిపించాయో, నా పెద్ద చెయ్యికి 44 అంతగా కనిపించాయి. చెన్నై షోరూములో ఒళ్లు జల్లుమన్నది అందుకే. నేను అంతవరకు వెతికింది వాచీని కాదు, ఆ నిష్పత్తిని.

ఇది నా ఒక్కడి సంగతి కాదని తర్వాత చాలామందితో మాట్లాడాక తెలిసింది. ప్రతి ఒక్కరి కంట్లో మొదట పడ్డ వాచీ ఒకటి ఉంటుంది. తండ్రిదో, మేనమామదో, హాస్టల్లో సీనియరుదో. మిగతావన్నీ దానితో పోల్చే చూస్తాం. మీకు 44 వాచీ ఎందుకు నచ్చిందో ఒకసారి వెనక్కి వెళ్లి వెతకండి. కారణం దొరికితే దాని పట్టు సగం సడలిపోతుంది.

ఆ రోజు నుంచి నాకు పెద్ద వాచీల మీద మోజు పోయింది. పోయి మధ్యలో ఆగిందా అంటే ఆగలేదు, నేరుగా అవతలి ఒడ్డుకు చేరింది. రెండేళ్లలో పాత హెచ్.ఎం.టి.లు, మన హైదరాబాద్ ఆల్విన్ వాచీలు, 33, 34 మిల్లీమీటర్లవి ఏడెనిమిది కొన్నాను. 36 కూడా పెద్దదనిపించిన రోజులు ఉన్నాయి. పెద్ద వాచీ పెట్టుకున్నవాళ్లను చూస్తే జాలి పడేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చిన్నవాటిని కూడా నేను చేతిని చూసి కొనలేదు, అంకెను చూసి కొన్నాను. పెద్దది కావాలన్న పంతం పోయి చిన్నది కావాలన్న పంతం వచ్చింది, అంతే తేడా. నలభై అయిదు దాటేసరికి దగ్గరి చూపు తగ్గింది. సాయంత్రం వెలుతురులో 33 మిల్లీమీటర్ల డయల్ మీద సన్నటి ముళ్లు కనిపించక చేతిని కంటికి దూరంగా చాపి చూడవలసి వచ్చింది. అలా ఒకటొకటిగా అవి పెట్టెలోకి వెళ్లాయి. తర్వాత 40, ఆ తర్వాత 36, చివరికి 38 దగ్గర కుదురుకున్నాను. ఊయల ఊపడం మానేస్తే ఒక్కసారిగా ఆగదు కదా, ప్రతి ఊపూ ముందుదానికంటే కొంచెం చిన్నదవుతూ వస్తుంది. మీరిప్పుడు రెండో ఊపులో ఉన్నారు. 44 నుంచి 36కు దూకాలనిపించడం అదే.

మనమే కాదు, కంపెనీలూ ఇలాగే ఊగుతున్నాయి. 1932లో పటెక్ ఫిలిప్ కంపెనీ తెచ్చిన కలట్రావా వాచీ దాదాపు 31 మిల్లీమీటర్లు, అది మగవాళ్ల వాచీయే. ఆ రోజుల్లో యంత్రాన్ని ఎంత చిన్నగా, సన్నగా చేస్తే అంత పనితనం. పెద్ద వాచీలు లేకపోలేదు, కానీ వాటికి పని ఉండేది. ఇటలీ నౌకాదళ ఈతగాళ్లకు నీటి అడుగున చీకట్లో కనిపించాలని పనెరాయ్ 47 మిల్లీమీటర్ల వాచీలు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం వాడిన 55 మిల్లీమీటర్ల వాచీలు మందపాటి కోటు చేతి మీద కట్టుకోవడానికి చేసినవి. 1972లో ఆడెమార్ పిగే 39 మిల్లీమీటర్ల రాయల్ ఓక్ తెస్తే జనం దానికి జంబో అని పేరు పెట్టారు. 1993లో అదే కంపెనీ 42 మిల్లీమీటర్ల ఆఫ్‌షోర్ తెచ్చింది, పనెరాయ్ కూడా అదే ఏడాది మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి పదిహేను ఇరవై ఏళ్లు అందరూ పెద్దవే చేశారు. మీరూ నేనూ 44 కొన్నది ఆ గాలిలోనే.

గాలి తిరిగిందనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్. దశాబ్దాల తరబడి 36 మిల్లీమీటర్లుగా ఉన్నదాన్ని 2010లో 39కి పెంచారు, 2021లో మళ్లీ 36కే తెచ్చారు. రెండేళ్లకు 40 కూడా పక్కన చేర్చారు. ట్యూడర్ కంపెనీ బ్లాక్ బే వాచీ 2012లో 41తో మొదలైంది, 2018లో 39, 2023లో 37 కూడా వచ్చాయి. అంత పెద్ద కంపెనీలే ఒక అంకె దగ్గర నిలబడలేకపోయాయి. కాబట్టి మూడేళ్లలో మీ మనసు మారినందుకు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి.

ఇక అసలు విషయం, కొలత.

మా వ్యాపారంలో రాతి పలకను చదరపు అడుగుల్లో అమ్ముతాం, దిమ్మెను ఘనపు మీటర్లలో. పొడవు ఒక్కటే చెప్పి ఎవరూ రాయి అమ్మరు. వాచీలను మాత్రం అడ్డుకొలత ఒక్కటే చెప్పి అమ్ముతున్నారు. 36కూ 44కూ తేడా ఎనిమిది మిల్లీమీటర్లే కదా, నూటికి ఇరవై రెండు వంతులు పెరిగింది అనిపిస్తుంది. కానీ కన్ను చూసేది వైశాల్యాన్ని. వైశాల్యం లెక్క వేస్తే 44 వాచీ 36 వాచీకి దాదాపు ఒకటిన్నర రెట్లు. 38కీ 40కీ మధ్య కూడా నూటికి పది వంతుల పైన తేడా వస్తుంది. రెండు మిల్లీమీటర్లకే చెయ్యి వేరుగా కనిపించడం భ్రమ కాదు.

అడ్డుకొలత కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బెల్టును పట్టి ఉంచే కొమ్ములు పైన రెండు, కింద రెండు ఉంటాయి కదా, వాటిని లగ్గులంటారు. పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఎంత పొడవో చూడండి. చేతి మీద వాచీ సరిపోయిందా లేదా అన్నది తేల్చేది ఆ కొలత. ఆరున్నర అంగుళాల మణికట్టు చుట్టూ 165 మిల్లీమీటర్లు వస్తుంది, కానీ పైన చదునుగా ఉండే భాగం వెడల్పు సుమారు 50 నుంచి 54 మిల్లీమీటర్లే. కొమ్ములు ఆ చదును దాటి గాలిలోకి వస్తే ఏ వాచీ అయినా అరువు తెచ్చుకున్నదానిలా కనిపిస్తుంది. సెయికో ఎస్‌కెఎక్స్ అనే డైవింగ్ వాచీ ఉంది, దాని అడ్డుకొలత 42 పైనే. కానీ కొమ్ము కొస నుంచి కొమ్ము కొస దాకా సుమారు 46 మాత్రమే, పైగా అవి కిందికి వంగి ఉంటాయి. సన్నటి చేతులవాళ్లు కూడా దాన్ని హాయిగా పెట్టుకుంటారు. కొమ్ములు తిన్నగా చాచుకున్న 39 వాచీ అదే చేతికి పెద్దదవుతుంది. మీ 44 వాచీకి కొమ్ముల పొడవు ఎంతో మీరు రాయలేదు. 52 దాటి ఉంటుందని నా అనుమానం. కొలిచి చూడండి.

డయల్ చుట్టూ ఉండే లోహపు అంచు, అంటే బెజెల్, మందంగా ఉంటే వాచీ చిన్నదిగా కనిపిస్తుంది. అంచు లేకుండా డయలే అంతా పరుచుకుంటే పెద్దదిగా కనిపిస్తుంది. తెల్ల డయల్ నల్లదానికంటే పెద్దదిగా అనిపిస్తుంది. చీమకుర్తి నల్లరాయి, తెల్ల చలవరాయి ఒకే సైజు పలకలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ తెల్లది పెద్దదనిపిస్తుంది. మందాన్ని కూడా తక్కువ చేయకండి. కీ ఇచ్చే వాచీలు ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లలో ఉంటాయి, ఆటోమేటిక్ వాచీలు చాలావరకు పదకొండు దాటుతాయి. టైటాన్ ఎడ్జ్ అయితే మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లే. పెద్ద వాచీ వద్దనిపించేవాళ్లలో చాలామందికి నిజంగా ఇబ్బంది పెట్టేది అడ్డుకొలత కాదు, చొక్కా చేతి అంచుకు తట్టుకునే ఆ మందమే.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి, దీన్ని చలిదేశాలవాళ్లు రాసిన సలహాల్లో చూడలేం. మన ఎండలకు చెయ్యి ఉబ్బుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ట్రంకు రోడ్డు మీద మధ్యాహ్నం పది నిమిషాలు నడిస్తే, ఉదయం సరిపోయిన చైను బిగుసుకుంటుంది. ఒక లంకె వదులు చేస్తే రాత్రికి వాచీ జారిపోతుంది. తేలికైన చిన్న వాచీకి ఆ తేడా తెలియదు. బరువైన పెద్ద వాచీ అయితే మణికట్టు ఎముక మీద అటూ ఇటూ దొర్లుతూ రోజంతా తన ఉనికిని గుర్తు చేస్తుంది. స్టీలు చైనున్న 44 వాచీ 180 గ్రాములు ఉండటం మామూలే. కేసియో ఎఫ్-91డబ్ల్యూ అనే ప్లాస్టిక్ డిజిటల్ వాచీ 21 గ్రాములే. మీ చెయ్యి కొలత నిజంగా తెలియాలంటే ఎండాకాలం సాయంత్రం ఒకసారి, మరునాడు తెల్లవారుజామున ఒకసారి టేపు చుట్టి చూడండి. నా చేతికి అయిదారు మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

మీరు పంపిన ఫొటో గురించి కూడా చెప్పాలి. ఫోను దగ్గరగా పట్టి తీస్తే ముందున్న వాచీ పెద్దదిగా, వెనకున్న చెయ్యి చిన్నదిగా వస్తుంది. ఆ ఫొటో చూసి మీ వాచీ మీద మీకు విరక్తి పుట్టి ఉంటే అందులో కొంత తప్పు కెమెరాది. నిలువుటద్దం ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి, చెయ్యి మామూలుగా వదిలేసి చూడండి. ఎదుటివాళ్లు మిమ్మల్ని చూసేది అలాగే.

ఇప్పుడు మీ రెండు ప్రశ్నలకు వస్తాను. పెద్ద వాచీలను ఇప్పుడే అమ్మకండి. పెళ్లి హడావిడిలో అసలే వద్దు. ఒక పూర్తి సంవత్సరం పెట్టెలో పెట్టండి. నేను 47 వాచీని కోపంతో అమ్మేశాను, దానికి బాధ లేదు. కానీ నా మొదటి 44ను కూడా అదే ఊపులో ఇచ్చేశాను. ఇప్పుడు దాన్ని పెట్టుకోను, అయినా అది ఉంటే బాగుండేది. నేను కష్టపడి సంపాదించిన డబ్బుతో కొన్న మొదటి మంచి వాచీ అది. మీ 44 కూడా మీ మొదటి జీతాల్లోంచి కూడబెట్టి కొన్నదని రాశారు. దాన్ని ఉంచుకోండి. చైను తీసి మెత్తటి ముదురు రంగు తోలు బెల్టు వేయించి చూడండి, బరువు తగ్గుతుంది, చూపుకూ కొంత ఒదుగుతుంది. మిగతావాటిని ఏడాదిలో ఒక్కసారి కూడా చేతికి పెట్టుకోకపోతే అప్పుడు అమ్మండి.

పెళ్లి వాచీ వేరే సంగతి. అది యాభై ఏళ్లు ఉండాలి. మీకు ఇప్పుడు 36 ముద్దొస్తోంది కాబట్టి 36 చెప్పకండి, ఇంతకుముందు 44 నచ్చింది కాబట్టి మధ్యలో 40 అనీ చెప్పకండి. మీ చేతికి కొమ్ముల పొడవు 44 నుంచి 47 మిల్లీమీటర్లు, మందం 11 లోపు, ఈ రెండూ కుదిరిన వాచీ అయితే అడ్డుకొలత 36 అయినా 38 అయినా నాకు అభ్యంతరం లేదు. నన్ను అడిగితే 38 వైపే మొగ్గుతాను, కారణం కళ్లు. మీకు ఇరవై ఏడు. ఇంకో ఇరవై ఏళ్లకు దగ్గరి చూపు తగ్గుతుంది, అప్పటికీ ఈ వాచీ మీ చేతికి ఉండాలి. ముళ్లకూ డయల్‌కూ రంగులో స్పష్టమైన తేడా ఉన్నది చూడండి. తారీఖు గడి లేకపోయినా ఫరవాలేదు. మరో లాభం కూడా ఉంది. మా అమ్మాయి నా 36 వాచీని రెండేళ్ల కిందట తీసుకెళ్లి ఇప్పటిదాకా తిరిగి ఇవ్వలేదు, దాని చేతికి ఎంతో బాగుంది. 44 వాచీని అది ఒక్కసారి కూడా అడగలేదు.

పాత వాచీ మీద మనసుపడి మామగారితో పాత హెచ్.ఎం.టి. మాత్రం కొనిపించకండి. ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో చాలావరకు డయల్‌కు కొత్తగా రంగులు వేసినవే. అది మీరు స్వయంగా, తీరుబడిగా వెతికి కొనుక్కోవలసిన వస్తువు. పెళ్లిలో పెట్టేదానికి బిల్లూ గ్యారంటీ ఉండాలి.

మీ ఊరు కావలి అన్నారు కాబట్టి ఒక ఆదివారం నెల్లూరు వెళ్లి, సాయంత్రం పూట, రెండు మూడు షాపుల్లో కనీసం పది వాచీలు చేతికి పెట్టి చూడండి. జేబులో చిన్న స్కేలు ఉంచుకోండి. షాపువాళ్లు అడ్డుకొలతే చెబుతారు, కొమ్ముల పొడవు మీరే కొలవాలి. మణికట్టు వెనక్కి మడిచి బొడిపె గుచ్చుకుంటుందేమో చూసుకోండి. ఒకటి నచ్చితే ఆ రోజే తేల్చకుండా వారం ఆగి మళ్లీ వెళ్లి చూడండి. మామగారికి చెప్పేటప్పుడు పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఈ మధ్య ఒకే పేరుతో 36, 38, 40, 42 సైజుల్లో వాచీలు వస్తున్నాయి, పెళ్లికొడుక్కి కదా అని షాపువాళ్లు ఉన్నవాటిలో పెద్దది చేతిలో పెడతారు. వాచీ వెనుక మూత మీదో, ధర చీటీ మీదో ఉండే మోడల్ నంబరు మొత్తం కాగితం మీద రాసి ఇవ్వండి.